వాన లెక్క - విత్తే అదను



రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టి మిరుగు కార్తె దగ్గర పడిందంటే, మన సదాశివనగర్ మండలంలో ఏ ఊరికి పోయినా ఒకటే మాట వినబడుతుంది. "ఈయేడు ఎప్పుడు విత్తుదాం?" అప్పటికి దుక్కులు అయి ఉంటాయి. మక్క, సోయా, పత్తి విత్తనాలు ఇంటికి చేరి ఉంటాయి. ఇక కావలసినవి రెండే రెండు. ఒకటి వాన. రెండవది, ఆ వానను చూసి మనం చేసుకోవలసిన నిర్ణయం. వాన మన చేతిలో లేదు. నిర్ణయం మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఈ నిర్ణయం తప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎకరం సోయాకు 25 నుంచి 30 కిలోల విత్తనం పడుతుంది. తొలి చినుకులకే తొందరపడి విత్తిన తరువాత పది రోజులు వాన మొగం చాటేస్తే, విత్తనం నేలలోనే ఉబ్బి, మొలక పగిలి, ఎండిపోతుంది. మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ ట్రాక్టరు కిరాయి కట్టాలి, మళ్ళీ కూలీలను పిలవాలి. ఇంతా చేసి రెండవసారి విత్తేనాటికి అదను దాటిపోతుంది. పోనీ, ఎందుకొచ్చిన గొడవ అని ఆగి ఆగి జూలై సగం దాటాక విత్తితే, కాయ గట్టిపడే వేళకు పైరుకు తడి చాలదు. తొందరపడినా నష్టమే, జాగు చేసినా నష్టమే. నడుమ ఉన్న ఆ కొద్ది రోజులను పట్టుకోవడమే సేద్యంలో నేర్పు.

వెనుకటి కాలంలో ఈ నేర్పుకు కార్తెలు, గాలి, మబ్బు, పెద్దల అనుభవం ఆధారం. ఇప్పుడు వాటికి తోడు సెల్‌ఫోను వచ్చింది. వాన ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విత్తాలో ఫోనులో రెండు ముక్కల్లో వస్తున్నది. ఆ రెండు ముక్కలు ఎక్కడినుంచి వస్తాయి? వాటిని ఎంతవరకు నమ్మాలి? మన వంతు పని ఏమిటి? ఇదే నేటి ప్రసంగ విషయం. దీన్ని తెలుసుకోవడానికి ఒక శాస్త్రజ్ఞుడు తన జీవితంలో చేసిన పనిని మీ ముందు ఉంచుతాను.

ఆయన పేరు మన్నవ శివకుమార్. ఇంటిపేరు వింటేనే మనవారని తెలుస్తుంది. ఆయన చేపట్టింది వ్యవసాయ వాతావరణ శాస్త్రం. వాన, ఎండ, గాలి, తేమ పైరు మీద ఎట్లా పనిచేస్తాయో కొలిచి, లెక్కగట్టి, ఆ లెక్కను రైతు నిర్ణయానికి పనికివచ్చేటట్లు చెప్పే శాస్త్రం అది.

ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షా అనే ఆచార్యుని వద్ద పరిశోధన చేశారు. ఏ పైరు మీద అనుకున్నారు? మనం ఇక్కడ వేస్తున్న సోయా చిక్కుడు మీదనే. సోయా మొక్కకు దప్పిక అయిన సంగతి మనకు ఎప్పుడు తెలుస్తుంది? ఆకు వాడితే తెలుస్తుంది. కాని ఆకు వాడకముందే మొక్క కష్టపడుతూ ఉంటుంది. ఆకులో నీటి పట్టు ఎంత తగ్గింది, ఆకు మీది సన్నని రంధ్రాలు ఎంత మూసుకున్నవి, పెరుగుదల ఎంత మందగించింది అనేవాటిని చేనులో నిలబడి కొలిచి, వీటిలో ఏది మంచి గుర్తో పరిశీలించారు. ఆ ఫలితాలను గురుశిష్యులిద్దరూ 1978లో ప్రకటించారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కంప్యూటరుకు సోయా మొక్క అంటే ఏమిటో తనంతట తెలియదు. ఎవరో ఒకరు చేనులో కొలిచి చెబితేనే దానికి తెలుస్తుంది.

ఆ తరువాత ఆయన మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేశారు. మెట్ట పంటల కోసం 1972లో నెలకొల్పిన అంతర్జాతీయ పరిశోధనా కేంద్రం అది. అక్కడ విర్మాని, శివకుమార్, ఎస్.జె. రెడ్డి ముగ్గురూ కలిసి దేశంలోని మెట్ట ప్రాంతాల పాత వాన రికార్డులను ముందు వేసుకొని, వారాలవారీగా లెక్క తీశారు. ఈ వారం వాన పడితే వచ్చే వారం కూడా పడే అవకాశం ఎంత? ఈ వారం ఎండగా పోతే వచ్చే వారం మాటేమిటి? ఇట్లా ఒక్కొక్క ఊరికి లెక్కగట్టిన పుస్తకం 1982లో వెలువడింది.

ఈ లెక్క వల్ల తేలిన ఒక ముఖ్యమైన విషయం చెబుతాను. హైదరాబాదుకు, మహారాష్ట్రలోని షోలాపూరుకు ఏడాది మొత్తం మీద పడే వానలో పెద్ద తేడా లేదు. మొత్తం మాత్రమే చూసేవారు రెండు చోట్లా ఒకే రకంగా సేద్యం చేయవచ్చు అనుకుంటారు. వారాలవారీగా చూస్తే సంగతి వేరు. హైదరాబాదు ప్రాంతంలో తొలకరి ఒకసారి అందుకుంటే తరువాతి వారాల్లో వాన చాలావరకు నిలకడగా ఉంటుంది. షోలాపూరులో ఆ నిలకడ తక్కువ. అందువల్ల లోతైన నల్లరేగడిలో వానకు ముందే పొడి దుక్కిలో విత్తడం హైదరాబాదు వైపు సాగే పని, షోలాపూరు వైపు గండం. ఏడాది వాన ఒకటే, నిర్ణయం మాత్రం రెండు. వాన ఎంత పడిందన్నదే కాదు, ఎప్పుడు పడింది, ఎన్నాళ్ళు నిలిచింది అన్నది రైతుకు ముఖ్యం.

1980లలో శివకుమార్ ఆఫ్రికా ఖండంలోని నైజర్ దేశానికి వెళ్లారు. సహారా ఎడారి అంచున ఉన్న దేశం అది. ఇసుక నేలలు, సజ్జ పంట, నడుమ బొబ్బర్లు. అక్కడి రైతు కూడా మనలాగే మబ్బు వైపు చూస్తాడు. అక్కడ ఆయన ముందున్న ప్రశ్న ఇది: తొలకరి వచ్చిందని దేన్ని బట్టి అనాలి?

ఒక చినుకు రాలితే తొలకరి కాదు. 1988లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక కొలబద్ద పెట్టారు. మే 1 తరువాత, వరుసగా మూడు రోజుల్లో కలిపి కనీసం 20 మిల్లీమీటర్ల వాన పడాలి. ఆ పైన వచ్చే 30 రోజుల్లో, వాన లేకుండా ఒకే దమ్మున ఏడు రోజులకు మించి గడవకూడదు. అప్పుడే అది నిజమైన తొలకరి. లేకుంటే అది దొంగ తొలకరి.

మీలో కొందరికి ఇప్పుడే ఒక సందేహం వచ్చి ఉంటుంది. "అయ్యా, విత్తే రోజున ముందు 30 రోజుల సంగతి ఎవరికి తెలుసు?" చాలా మంచి ప్రశ్న. ఆ కొలబద్ద విత్తే రోజున పట్టుకొని చూసేది కాదు. పాత సంవత్సరాల రికార్డు మీద పెట్టి చూసేది. ఎన్నో ఏండ్ల రికార్డులో ఏ యేడు తొలకరి ఏ తేదీన వచ్చింది, ఏ యేడు మోసం చేసింది, ఏ తేదీన వానలు వెనుదిరిగినవి అని కంప్యూటరు చేత లెక్క వేయించారు. అప్పుడు ఒక గట్టి విషయం బయటపడింది. అక్కడ వానలు మొదలయ్యే తేదీ ఏటేటా చాలా ముందువెనుకలు అవుతుంది. ముగిసే తేదీ అంతగా మారదు. కనుక తొలకరి ముందు వస్తే పంట కాలం పొడుగు, ఆలస్యమైతే పంట కాలం కురచ.

దీనివల్ల రైతుకు లాభమేమిటి? తొలకరి వచ్చిన తేదీ చూడగానే, ముందున్న కాలం ఎంతో ఒక అంచనా చిక్కుతుంది. వాన ముందుగా వచ్చిన యేడు సజ్జ కోశాక అదే తడిలో బొబ్బర్లు విత్తి పశువులకు మేత తీయవచ్చు. ఆలస్యంగా వచ్చిన యేడు స్వల్పకాలిక రకానికి మారాలి. ఈ పద్ధతిని అక్కడి కేంద్రంలో సాగుచేసి చూసి, ఆ ఫలితాలను 1990లో ప్రకటించారు. చూశారా, ఇక్కడ కంప్యూటరు వానను కురిపించలేదు, ఆపలేదు. వచ్చిన వానను బట్టి మనిషి ఏమి చేయాలో దారి చూపింది.

తరువాత ఆయన జెనీవాలోని ప్రపంచ వాతావరణ సంస్థలో వ్యవసాయ వాతావరణ విభాగానికి అధిపతిగా పనిచేశారు. ఆ రంగంలో పడమటి ఆఫ్రికాలోని మాలీ దేశం అప్పటికే మంచి దారి చూపి ఉన్నది. 1982లో అక్కడి వాతావరణ శాఖ వారు కొద్దిమంది రైతులతో ఒక పని మొదలుపెట్టారు. రైతు చేతికి ఒక చిన్న వానమాపకం ఇచ్చారు. ఏ సమయంలో ఎంత వాన పడితే ఏ రకం విత్తవచ్చో ఒక పట్టిక ఇచ్చారు. వాతావరణ విశేషాలను స్థానిక భాషల్లో రేడియోలో చెప్పారు. రైతు తన చేనులో తానే వాన కొలిచి, పట్టిక చూసి, విత్తేవాడు. రేడియో మాట, పట్టిక లెక్క, సొంత కొలత, ఈ మూడూ కలిసినప్పుడే అది నిర్ణయం అయింది. 2008 తరువాత ప్రపంచ వాతావరణ సంస్థ పడమటి ఆఫ్రికాలో ఊరూరా రైతులకు పాఠాలు చెప్పించి వానమాపకాలు పంచిన పథకానికి కూడా ఇదే దారి.

ఇక మన తెలుగు నేలకు వద్దాం. 2016 వానాకాలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుసెనగ రైతులకు తెలుగులో ఫోను సందేశాలు పంపించారు. 1986 నుంచి 2015 దాకా 30 ఏండ్ల వాతావరణ రికార్డును యంత్రానికి ఇచ్చారు. పైరుకు కావలసిన నీటిలో ఎన్ని పాళ్లు అందుతాయో లెక్కగట్టారు. జూన్ మొదట్లో విత్తే అలవాటు ఉన్న రైతులను ఆగమన్నారు. జూన్ చివరి వారంలో విత్తుకొమ్మన్నారు. ఆ మాట విన్నవారికి సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించినవి. అయితే ఆ సందేశాల్లో విత్తే వేళ ఒక్కటే లేదు. విత్తనశుద్ధి, విత్తే లోతు, భూసార పరీక్ష ప్రకారం ఎరువులు కూడా ఉన్నవి. కనుక లాభమంతా ఒక్క తేదీ మహిమ అనుకోరాదు. అది ఒక్క యేటి ఫలితమని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక మాట. ఆ 30 ఏండ్ల రికార్డు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రతి పొద్దున ఎవరో ఒకరు వానమాపకం దగ్గరకు పోయి, చూసి, పుస్తకంలో రాస్తేనే అది పోగైంది. రాసినవారి పేర్లు ఎవరికీ తెలియవు. వారు రాయకుంటే ఎంత గొప్ప యంత్రమైనా చెప్పగలిగింది సున్న.

ఇప్పుడు మన మండలం సంగతి. మొన్న ఒక ఊరిలో ఒక ముసలాయన నన్ను నిలదీసినాడు. "సారూ, ఫోన్ల వాన అన్నది. మా చెల్క మీద సుక్క పడలే. ఇగ దాన్నేం నమ్ముమంటవు?" అన్నాడు. "తాతా, ఫోనులో ఏమని ఉన్నదో ఒకసారి చదివిద్దాం" అన్నాను. మనుమడు చదివినాడు. "ఒకటి రెండు చోట్ల తేలికపాటి వర్షం" అని ఉన్నది.

మిత్రులారా, ఈ మాటలకు వాతావరణ శాఖ దగ్గర కచ్చితమైన అర్థాలు ఉన్నవి. "ఒకటి రెండు చోట్ల" అంటే నూరు వానమాపకాలుంటే 25కు మించి తడవవు. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50. "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75. ఆ పైన అయితేనే దాదాపు అన్ని చోట్లా అని అర్థం. అంటే ఆ రోజు తాత చెల్క మీద వాన పడకపోవడానికే ఎక్కువ అవకాశం ఉన్నది. ఫోను అబద్ధం చెప్పలేదు, మనమే సగం మాట విన్నాం.

వాన పరిమాణానికి కూడా కొలతలు ఉన్నవి. ఒక రోజులో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే తేలికపాటి వాన. 15.6 నుంచి 64.4 దాకా ఓ మోస్తరు. 64.5 నుంచి 115.5 దాకా భారీ. 115.6 నుంచి 204.4 దాకా అతిభారీ. ఆపైన అత్యంత భారీ. 2025 ఆగస్టు చివరి వారంలో మన కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన ఒక చోట ఒక్క రోజులో 400 మిల్లీమీటర్లు కూడా దాటింది. అదే రోజు జిల్లాలో అన్ని ఊర్లలో అంత పడలేదు. ఒకే జిల్లాలో అంత తేడా ఉండగా, ఎక్కడో కొలిచిన వానను నమ్మి మన చేనులో ఎట్లా విత్తుతాం?

తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఉన్నవి. మంచిదే. కాని ఒక కేంద్రం కింద ఎన్నో ఊర్లు ఉంటాయి. ఒక ఊరి చెరువు మత్తడి దుంకుతుంటే పక్క ఊరి దారిలో దుమ్ము లేస్తుంది. కనుక మీకు నేను చేసే మనవి ఇది. ప్రతి ఊరిలో కనీసం రెండు మూడు చోట్ల వాన కొలవండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. అడుగు చదునుగా, గోడలు నిట్టనిలువుగా, మూతి అడుగు ఒకే వెడల్పుగా ఉన్న డబ్బా ఒకటి చాలు. చెట్లకు, గోడలకు దూరంగా నిలపండి. చెట్టు ఎంత ఎత్తు ఉన్నదో దానికి రెండింతలు ఎడం ఉండాలి. గాలికి పడిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చండి. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలుతో నీటి లోతు కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసి, డబ్బా ఒంపివేయండి. సెంటీమీటరు లోతు ఉంటే 10 మిల్లీమీటర్ల వాన. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి దాదాపు 4,000 లీటర్ల నీరు. వాన పడని రోజున సున్న రాయడం మరవకండి. ఎండిన రోజుల లెక్క కూడా కావాలి.

ఇక విత్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: నా నేలలో తడి ఎంత? తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడిన తరువాతనే వర్షాధారపు పంటలు విత్తుకోవాలి. నైజర్‌లోని 20 మిల్లీమీటర్ల లెక్క అక్కడి ఇసుక నేలలది, మనది కాదు. తేలికపాటి వాన మూడు రోజులు పడినా మన లెక్కకు చాలదని ఇప్పుడు మీకే తెలుస్తున్నది. నడుమ ఎండ కాసి పై తడి ఆరిపోతే కూడిక మళ్ళీ మొదలుపెట్టాలి. కొలతతో ఆగకుండా, పారతో తవ్వి చూడండి. జానెడు లోతు దాకా మట్టి పిడికిట్లో ముద్ద కడితే తడి దిగినట్లు.

రెండవది: రాబోయే అయిదు రోజులు ఎట్లా ఉంటాయి? 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే అంచనా, సలహా దొరుకుతాయి. ఫోను చూడడం రానివారు రైతు వేదికకు వచ్చి మమ్మల్ని అడగండి. లేదా 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోను చేయండి. తడి సరిపోయి, ముందు కూడా జల్లుల సూచన ఉంటే ఆలస్యం చేయకండి. తడి అంచు మీద ఉండి, ముందు వారమంతా ఎండ అని ఉంటే రెండు రోజులు ఓపిక పట్టండి.

మూడవది: అదను ఎంత మిగిలింది? తొలకరి ఆరుద్ర దాటి పునర్వసులోకి జరిగితే, అదే రకం, అదే పంట అని పట్టుబట్టవద్దు. తక్కువ రోజుల రకం దొరుకుతుందా, కంది వంటి పంటకు మారడం మేలా అన్నది వ్యవసాయ అధికారులను అడిగి తేల్చుకోండి. నైజర్ తేదీలు మనకు వర్తించవు గాని, తొలకరి తేదీని బట్టి పంటను ఎంచుకునే ఆ ఆలోచన మనకూ పనికివస్తుంది.

ఫోనుకు తెలియనివి కూడా కొన్ని ఉన్నవి. మీ విత్తనం మొలుస్తుందో లేదో దానికి తెలియదు. సోయా విత్తనం సుకుమారమైనది, దెబ్బ తగిలితే మొలక చెడుతుంది. నూరు గింజలు తడి గోనెసంచిలో చుట్టి చూడండి. 70కి తక్కువ మొలిస్తే ఆ విత్తనం పనికిరాదు. విత్తేటప్పుడు మూడు, నాలుగు సెంటీమీటర్ల లోతు దాటనీయకండి. మీకు బోరు ఉన్నదా, ఒక తడి ఇచ్చుకోగలరా అన్నది కూడా ఫోనుకు తెలియదు. మీకే తెలుసు. అందుకే ఆఖరి మాట మీదే.

విస్తరణ రంగంలోని నా తోటి ఉద్యోగులకు కూడా ఒక మాట. మనం సందేశం చేరవేస్తే పని అయిపోయినట్లు కాదు. "ఒకటి రెండు చోట్ల" అంటే ఏమిటో చెప్పకుండా సందేశం చదివి వినిపిస్తే, వాన పడనినాడు రైతు మనలను నమ్మడం మానేస్తాడు. ఒకసారి పోయిన నమ్మకం మళ్ళీ రావడానికి ఎన్నో వానాకాలాలు పడుతుంది. ఊరి వాన పుస్తకాన్ని నెలకొకసారి చూడండి, మండల కేంద్రం లెక్కతో పోల్చి రైతులకు చెప్పండి.

అయోవాలో సోయా ఆకును కొలిచిన చెయ్యి, పటాన్‌చెరులో వారాల లెక్క కట్టిన చెయ్యి, నైజర్‌లో తొలకరికి కొలబద్ద పెట్టిన చెయ్యి ఒక్కరిదే. ఆ పనంతా కలిపితే తేలేది ఒకటే. కొలవనిదే లెక్క లేదు, లెక్క లేనిదే సలహా లేదు. ఈ తొలకరి నుంచి మన ఊరి వానను మనమే కొలిచి రాసుకుందాం. ఈ యేడు ఆ పుస్తకం మీ విత్తనాన్ని కాపాడుతుంది. ముప్పై ఏండ్లకు మీ పిల్లల నిర్ణయానికి అదే ఆధారమవుతుంది.